విజయనగరంలో కలెక్టరేటు కోట దగ్గర కాక కంటోన్మెంటులో ఎందుకుంది?

ప్రశ్న – చరిత్ర విద్యార్థిని

విజయనగరం పట్టణ స్వరూపంపై వ్యాసం రాస్తున్నాను. కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర దగ్గరగానే ఉండగా, కలెక్టరేటు మాత్రం కంటోన్మెంటులో ఉంది. రాజధానిగా వెలసిన ఊరిలో జిల్లా పాలన కోటను ఆనుకుని ఎందుకు స్థిరపడలేదో పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు – విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి

అమ్మా, విజయనగరం చాలాకాలం రెండు ఊళ్లుగా పెరిగింది. 1713లో, విజయనామ సంవత్సరం విజయదశమి నాడు, కోటకు శంకుస్థాపన జరిగింది. నాలుగు మూలలా రాతి బురుజులతో చదరంగా కట్టిన ఆ కోటను అంటిపెట్టుకుని బజార్లు, నివాసాలు వచ్చాయి. 1794లో పద్మనాభం యుద్ధంలో ఇక్కడి రాజు చిన విజయరామరాజు గారు మరణించిన తరువాత సంస్థానం కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం కింద జమీందారీగా కొనసాగింది. ఆంగ్లేయుల సైనిక పటాలం కోట నుంచి సుమారు మైలు దూరంలో, కాస్త వాలుగా ఉన్న నేలపై విడిది చేసింది, అదే కంటోన్మెంటు. రెండింటికీ నడుమ ఏడాది పొడవునా నీరుండే పెద్ద చెరువు ఉండేది. మీ పటంలో ముందు ఆ చెరువును గుర్తించండి, తక్కినవి వాటంతట అవే కుదురుకుంటాయి.

ఈ ప్రాంతానికి కలెక్టరు అప్పట్లో విశాఖపట్నంలో ఉండేవారు. 1979 జూన్ 1న, శ్రీకాకుళం జిల్లా నుంచి బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వంటి ప్రాంతాలను, విశాఖపట్నం జిల్లా నుంచి మరికొన్నింటిని కలిపి విజయనగరం జిల్లాను ఏర్పరచిన తరువాతే ఇక్కడికి కలెక్టరు వచ్చారు. అప్పటికి కోట 1958లో రాజవంశీకులు పి.వి.జి. రాజు గారు స్థాపించిన మాన్సాస్ అనే విద్యా ట్రస్టు చేతిలో, కళాశాలలతో నిండి ఉంది. కిక్కిరిసిన పాత బజారు కంటే విశాలమైన కంటోన్మెంటే కొత్త కార్యాలయాలకు అనువైన చోటని నా అభిప్రాయం.

జవాబు – కోట పరిసర నివాసి

పెద్దలు చెప్పినదానికి ఒక్క మాట చేర్చాలి. పాలన అంటే కలెక్టరేటు ఒక్కటే కాదు. జిల్లా రావడానికి చాలా ముందే, 1888లో, ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1885లో, గంటస్తంభం కట్టారు. అది ఎనిమిది పలకల ఇసుకరాతి కట్టడం, ఎత్తు 68 అడుగులు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు మీగడ రంగు, ఎరుపు రంగులతో కనిపిస్తుంది. 1919లో వచ్చిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. పౌరజీవితానికి కావలసినవి ఇలా సంస్థానం వైపే పెరిగాయి. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి ఉత్సవంలో సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) నేటికీ అమ్మవారి గుడికీ కోటకూ మధ్యనే మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు జిల్లా యంత్రాంగమంతా ఏర్పాట్ల కోసం ఇటే తరలి రావలసి ఉంటుంది.

జవాబు – శ్రీకాకుళం వాసి

పోలిక కోసం మా ఊరిని కూడా చూడండి. శ్రీకాకుళం గోల్కొండ ఫౌజుదార్ల (సుల్తానుల తరఫు పాలనాధికారుల) కాలం నుంచే పాలనాకేంద్రం; ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు అందుకు సాక్ష్యం. 1950 ఆగస్టు 15న జిల్లా కేంద్రమైనప్పుడు అధికారుల రాక మా ఊరికి కొత్త కాదు. మీ ఊరిలో రాజు ముందు, కలెక్టరు తరువాత. మా ఊరిలో మొదటి నుంచీ సర్కారే. రెండు పటాలనూ పక్కపక్కన పెడితే మీ వ్యాసానికి బలం చేకూరుతుంది.