సర్వి (సరుగుడు) వేయాలా, జామాయిల్ (యూకలిప్టస్) వేయాలా?

కొత్తపట్నం_కుర్రోడు: సముద్రం పక్కన ఇసక నేల కొంత, పొదిలి దగ్గర మెట్ట కొంత ఉంది. ఎక్కడ ఏది వేయాలి? నీళ్లు, ఎడం, రేటు అన్నీ చెప్పండన్నా.

పొదిలి_మెట్ట: జామాయిల్ మాటెత్తొద్దు. కౌలుకిస్తే కర్ర నరుక్కొని మోళ్లు నాకొదిలేసి పోయాడు. జేసీబీ పెట్టి పీకిస్తే కౌలు డబ్బులు దానికే చెల్లు.

దర్శి_రైతుబిడ్డ: ఎందుకు పీకావు సామీ? మోడుకి పిలకలొస్తాయి, నారు ఖర్చు లేకుండా రెండో కోత! నాటు సర్వి నరికితే మళ్లా నాటుకోవాల్సిందే.

వాకాడు_ఇసక: నాటుకుంటాం, ఏం పోయింది? సర్వి వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉండాది, గాల్లో నత్రజని పట్టిస్తది. ఉప్పుగాలికీ ఓర్చుకుంటది. పైన్ జాతి మరి.

ఏజీ_బీఎస్సీ: పైన్ కాదు, పూలు పూసే చెట్టు. మేం చదివొచ్చింది ఇదే.

వాకాడు_ఇసక: పుట్టినకాడి నుంచి సర్వి తోపుల్లో తిరుగుతుండా. పువ్వేదబ్బా, చూపించు!

ఏజీ_బీఎస్సీ: మీరు సూదులనేవి సన్న రెమ్మలు. కణుపు దగ్గర విరిచి చూడండి, చుట్టూ పొలుసుల్లా ఉండేవే ఆకులు. కొమ్మల మీద ఎర్ర కుచ్చులు ఆడపూలు. గాలే పుప్పొడి మోస్తుంది కాబట్టి రంగురేకులతో పన్లేదు. జామాయిల్‌కైతే తేనెటీగలొస్తాయి.

వాకాడు_ఇసక: మరి కాయ పైన్ కాయలాగే ఎందుకుండాది? పుస్తకాలోళ్లకి నేలేం తెలుసు.

కావలి_నర్సరీ: మా జంఘునియానా రకం సర్వి క్లోన్ తోటలో ఆ కాయా లేదు. రోగమా?

ఏజీ_బీఎస్సీ: ఆ రకంలో ఆడ, మగ చెట్లు వేరు. మగచెట్టు కొమ్మతో చేసిన క్లోనయితే తోటంతా మగదే.

కోట_లారీ: పూలు, మగాళ్లు అయ్యాయా? పేపరు మిల్లు గేటు కాడ లారీ నిలబెట్టేశారు. తొక్క తీసిన కర్ర ఎండి తూకం పోయింది. దాని గురించి మాట్లాడరేం?

మైపాడు_అల: 2004 సునామీ తర్వాత ఒడ్డున సర్వి నాటించింది తూకం కోసమా?

కోట_లారీ: నీకు అమ్ముకునే పనుంటే తెలిసేది.

కొత్తపట్నం_కుర్రోడు: అన్నా, నీళ్లు...

దర్శి_రైతుబిడ్డ: ఇసకలో సర్వి పెట్టు, తొలి వేసవి తడులివ్వు. మెట్టలో జామాయిల్, పక్కోడి బోరుకి దూరంగా. జామాయిల్ నారు కొనేటప్పుడు ఆకు ఈనెలు తిరగేసి చూడు, గాల్ పురుగు బుడిపెలుంటే వద్దు.

కావలి_నర్సరీ: బుడిపెల్లేని నారు మా దగ్గరుండాది.

పొదిలి_మెట్ట: వచ్చాడండీ బేరగాడు.