బాణం మొనలు అమ్మకానికొచ్చాయి: అసలా, నకిలీనా?

సిరొంచ_టీచర్
మా స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెడుతున్నాం. ఆ సంగతి విని ఒకతను డబ్బా పట్టుకొచ్చాడు. దూది పరిచి దాని మీద రాతి మొనలు పేర్చాడు. అన్నీ త్రికోణాలే. అడుగున రెండు వైపులా నొక్కు, చూపుడు వేలంత పొడవు, నల్లటి మట్టి రంగు. "గోదావరి ఒడ్డున దొరికినవి, లక్ష ఏళ్లవి" అంటున్నాడు. లామినేషన్ చేసిన కార్బన్ డేటింగ్ సర్టిఫికెట్ కూడా చూపించాడు. ఒక్కోటి ఎనిమిది వందలట. హెడ్మాస్టరు గారు కొందామంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. చూసి చెప్పమని రెండు మొనలు నా దగ్గరే వదిలి వెళ్లాడు. ఫొటోలు పెట్టాను. రాళ్లు తెలిసినవాళ్లు కాస్త చూడండి.

బల్లార్షా_అన్న
సర్టిఫికెట్ దగ్గరే దొరికిపోయిండు సార్. రాయికి కార్బన్ డేటింగ్ ఎట్ల చేస్తరు? ఎముక, బొగ్గు, కట్టె, గింజ... ఒకప్పుడు ప్రాణమున్న వాటికే అది పనికొస్తది. అదీ దాదాపు 50,000 ఏళ్ల దాకనే. లక్ష ఏళ్లని కార్బన్ లెక్కతో రాసిండంటే ఆ కాగితం జిరాక్స్ షాపులో పుట్టింది. రాతి పనిముట్టు వయసును అది దొరికిన మట్టి పొరను బట్టి కడతరు. ఆ పొరలో ఇసుక రేణువులకు ఆఖరుసారి ఎండ తగిలి ఎన్నేళ్లయిందో ల్యాబులో చూస్తరు. డబ్బాలో దూది మీద పడుకున్నదానికి పొర ఏది?

గుణుపురం_రాళ్లపిచ్చి
ఫొటోలు చూశానండి మాస్టారూ. రంగు సంగతి తర్వాత, ముందు ఆకారమే తేడాగా ఉంది. అడుగున నొక్కులు పెట్టి రెండు ముఖాలా చెక్కిన పెద్ద మొనలు అమెరికా ఆదివాసుల బాణాల తీరు. సినిమాల్లో, టీషర్టుల మీద చూసీ చూసీ బాణం మొనంటే ఇదేనని మనకు నాటుకుపోయింది. మన దగ్గర రాతియుగం చివర్లో ఎక్కువగా వాడినవి సూక్ష్మ శిలా పరికరాలు. చాలావరకు చిటికెన వేలి గోరంత ఉంటాయి. అర్ధచంద్రాలు, చిన్న త్రికోణాలు, సన్నటి బ్లేడులు. కట్టె కాడకో ఎముకకో వీటిని వరసగా జిగురుతో అతికించేవారు. విడిగా చేతిలో పెడితే బాణం ముక్క అని ఎవరూ అనుకోరు. అందుకే వాటిని డబ్బాలో పెట్టి అమ్మేవాడు కనబడడు.

అంతకు ముందు కాలంలో పెద్ద మొనలు లేవని కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ల కిందట చిమ్మిన బూడిద పొరకు పైనా కిందా పనిముట్లు దొరికాయి. అక్కడ మొనలూ ఉన్నాయి. కానీ ఒకదానికొకటి ఇలా అచ్చు గుద్దినట్టు ఉండవు.

ఇక వయసు తేల్చేది. రాయి మొత్తం రంగు చూడకండి, పెచ్చు లేచిన గుంటలు చూడండి. చెకుముకి, దాని జాతిదే అయిన చెర్ట్ లాంటి రాళ్లు మట్టిలో వేల ఏళ్లుంటే పైన తెల్లగానో పసుప్పచ్చగానో పొర పడుతుంది, పాటినా అంటారు. పనిముట్టు చేసినప్పుడు లేచిన గుంటలన్నిట్లోనూ, వాటి మధ్య గట్ల మీదా ఆ పొర దాదాపు ఒకే వయసుతో ఉండాలి. మా దగ్గర వంశధార గట్టు చేలో ఒక చెర్ట్ పెచ్చు చూశాను. పైనంతా మాసిన తెలుపు, గోటితో రాస్తే గరుకు. ఒక మూల ట్రాక్టరు కల్టివేటరు తగిలి కొత్తగా విరిగింది. విరిగినచోట లోపల ముదురు గోధుమ రంగు, వెలుగుకు పెడితే మెరుస్తోంది. ఆ రెండు రంగుల మధ్య గీత గీసినట్టు సన్నటి తెల్ల అంచు. ఎన్నాళ్లు టీ డికాక్షన్‌లో నానబెట్టినా ఆ అంచు రాదు. ఆ పెచ్చు మీద తుప్పు గీతలు కూడా ఉన్నాయి, నాగలి కర్రు రాసుకున్నవి. అలాంటి గీత గట్ల మీదే ఉంటుంది, గుంట అడుగుకు దిగదు.

పలుగురాయితో మాత్రం ఈ లెక్క కుదరదు. దాని మీద చెప్పుకోదగ్గ పొర పడదు. మా రాయగడ, కోరాపుట్ కొండల్లో ఎక్కడ చూసినా పలుగురాయే, కాబట్టి "కొత్తగా ఉంది, నకిలీ" అని తోసెయ్యకూడదు. చాల్సెడనీ (పలుగురాయి జాతిదే, నున్నటి రాయి) సూక్ష్మ పరికరాలు కూడా ఒక్కోసారి నిన్న చేసినట్టే కనిపిస్తాయి.

రాజురా_కెమికల్స్
నకిలీ వాళ్ల వంటకాలు నేను చెప్తాను. పొటాషియం పర్మాంగనేట్‌లో పెడితే గోధుమ రంగు. పాత ఇంజనాయిల్, బూటు పాలిష్, పేడ పిడకల మంట కూడా వాడతారు. గమ్‌లో మట్టి కలిపి గుంటల్లో పూసేవాళ్లూ ఉన్నారు, మట్టిలోంచి తీసినట్టు కనబడాలి గదా. సహజంగా అంటిన సున్నపు గార యాసిడ్ చుక్కకు పొంగుతుంది, నిజమే. కానీ సిమెంటు, గోడ సున్నం కూడా పొంగుతాయి. ఆ పరీక్షతో ఏదీ తేలదు, రాయి పాడవడం తప్ప.

మీరు చెయ్యగలిగినవి చెప్తాను. పది రెట్ల భూతద్దం తీసుకోండి, నగల షాపువాళ్లు వాడేది. రంగు గుంటల మూలల్లో గడ్డకట్టి, గట్ల మీద పల్చబడి ఉంటే అనుమానించాలి. సమాంతరంగా సన్నగీతలుంటే గ్రైండర్ చక్రం. అంచు వెంట లోహపు మెరుపు ఉంటే ఇనుప సుత్తో రాగి మొనో వాడారు. తర్వాత దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది ఒక మూల తుడవండి, ఎసిటోన్ ఉన్న రకం. రంగు దూదికి అంటితే అది పైన పూసిందే. నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి చీకట్లో వేస్తే చాలా రకాల గమ్ములు మెరుస్తాయి. కొన్ని ఖనిజాలూ మెరుస్తాయి కాబట్టి దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పకండి.

గుణుపురం_రాళ్లపిచ్చి
@రాజురా_కెమికల్స్ ఎసిటోన్ మాట అమ్మొచ్చిన డబ్బా వరకే అనండి. చేలో దొరికినదాన్ని కడగొద్దు, తోమొద్దు. అంచున కోసిన గడ్డి, మాంసం, జిగురు ఆనవాళ్లుంటే పరిశోధకులకు అదే ముఖ్యం. దొరికిన చోటు, లోతు, తేదీ రాసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తియ్యండి.

పర్లాకిమిడి_పంతులు
మా పక్క ఊరి అమ్మవారి గుడి దగ్గర నున్నటి నల్లరాళ్లున్నాయి, ఒక చివర గొడ్డలి అంచులా ఉంటుంది. పిడుగుతో పాటు పడ్డాయని పసుపు రాసి పూజిస్తారు. అవి కూడా నకిలీలేనంటారా?

గుణుపురం_రాళ్లపిచ్చి
అవి చాలావరకు కొత్త రాతియుగం గొడ్డళ్లు పంతులు గారూ, రాయి మీద నూరి నున్నగా చేసినవి. వాటికి గుంటల లెక్క వర్తించదు. పిడుగురాళ్లని పూజించబట్టే అవి ఇన్నాళ్లు మిగిలాయి, ఉన్నచోటే ఉండనివ్వండి.

బల్లార్షా_అన్న
అందరూ మరిచేది ఒకటున్నది. నకిలీ, అసలు కాక మూడో రకం కూడా ఉంటది: ఉత్త రాయి. ప్రాణహిత, వార్ధా వరదల్లో గులకరాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుని పెచ్చులు లేస్తయ్. మనిషి కొట్టి లేపిన పెచ్చుకు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు ఉంటది, అక్కడ నుంచి నీళ్లలో రాయి వేసినట్టు అలలు విచ్చుకుంటయ్. నది దెబ్బకూ అప్పుడప్పుడు ఆ ఉబ్బు వస్తది. అందుకే ఒక్క ఉబ్బు చాలదు, ఒక పద్ధతి ప్రకారం వరసగా పెచ్చులు తీసిన జాడ ఉండాలె. చాందా (చంద్రపూర్) దగ్గర పాపామియా టేకడీ అనే గుట్ట మీది రాతి పనిముట్లు చూసినోళ్లకు ఈ తేడా తొందరగా కళ్లకు అలవాటైతది. ఊళ్లో ఎవరో చెప్పిండ్రని నమ్మేకన్నా నాగ్‌పూర్‌లో పురావస్తు శాఖ వాళ్ల ప్రీహిస్టరీ (చరిత్రకు ముందు కాలం) బ్రాంచి ఉన్నది, అక్కడ అడగండి.

సిరొంచ_టీచర్
నగల షాపులో భూతద్దం అడిగి తెచ్చాను. మీరన్నట్టే గుంటల మూలల్లో నల్లగా గడ్డకట్టింది, గట్ల మీద రంగు పల్చగా ఉంది. దూది తుడవగానే గోధుమ మరక వచ్చింది, బూటు పాలిష్ వాసన. కింద తేనె రంగు, పాల రంగు చారలున్న అందమైన రాయి. అంచులో ఒక్క సొట్ట లేదు. ఇది ఎక్కడి రాయి?

గుణుపురం_రాళ్లపిచ్చి
చారలంటే అగేట్, చారల చాల్సెడనీ అన్నమాట. ఇలాంటివి ఎక్కువగా గుజరాత్ ఖంభాత్ నుంచి వస్తాయి. అక్కడ నేలలో ఇనుప మేకు ఏటవాలుగా పాతి, రాయిని దానికి ఆనించి, అవతలి వైపు నుంచి గేదె కొమ్ముతో చేసిన సుత్తితో కొడతారు. మేకు తగిలిన వైపు నుంచి పెచ్చు లేస్తుంది. రాయిని కాల్చి ఎరుపు తెప్పించడం కూడా వాళ్ల పాత విద్యే. బాణం మొనలు చేసి బయటి దేశాలకు అమ్ముతారు, అందులో తప్పేం లేదు. మసి పూసి లక్ష ఏళ్లనేది మధ్యవాళ్లు. అసలు చేతిపనిగా చూస్తే ఆ మొన ముచ్చటైన వస్తువే, ఎనిమిది వందలు మాత్రం ఎక్కువ.

రాజురా_కెమికల్స్
ఒకవేళ అసలైనవే అనుకోండి, అప్పుడూ కొనకూడదు. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. నేలలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది, అందులో రాసిన హద్దు పది రూపాయలు, విలువ అది దాటితే చాలు! కాబట్టి ఆ అమ్మేవాడు ఎటు చూసినా ఇరుక్కున్నాడు: నకిలీ అయితే మోసం, అసలైతే లైసెన్సు చూపించాలి. అది అడగండి, మళ్లీ రాడు.

సిరొంచ_టీచర్
హెడ్మాస్టరు గారికి ఈ చర్చంతా చదివి వినిపించాను, కొనడం లేదు. ఆ రెండు మొనలూ తిరిగి ఇచ్చేస్తున్నాను, తుడిచిన మూలతో సహా. పిల్లలకు మాత్రం పెచ్చు ఎలా లేస్తుందో చూపించాలని ఉంది. చెర్ట్ గులకరాళ్లు ప్రాణహితలో కావలసినన్ని ఉన్నాయి. క్లాసురూంలో కొట్టి చూపించొచ్చా?

బల్లార్షా_అన్న
రూంలో వద్దు సార్. ఆ దుమ్ము సిలికా. ఖంభాత్‌లో అగేట్ పనోళ్లకు ఊపిరితిత్తులు పోయేది దానితోనే. గ్రౌండ్‌లో గాలి వీపు వైపు ఉండేటట్టు కూర్చోండి, కళ్లకు గాగుల్స్, తొడ మీద మందపాటి గోనెసంచి, చేతికి తోలు గ్లౌజు. పిల్లలు దూరంగా నిలబడాలె. అయ్యాక పెచ్చులన్నీ ఏరి చెత్తబుట్టలో వేయండి. చేలో పారేస్తే రేపు ఎవడో ఏరుకొచ్చి ఇక్కడే ఫొటో పెడతడు.