కిటికీ చుట్టూ వేసిన సీలెంట్ పట్టీగా ఊడిపోతోంది: గన్‌తో మళ్లీ వేసుకునే పద్ధతి చెప్పగలరా?

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో అల్యూమినియం కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి వాన నీరు లోపలికి దిగుతోంది. లోగడ పనివారు వేసిన తెల్లటి సీలెంట్ (సందులు మూసే మెత్తని పదార్థం) ఫ్రేముకు గట్టిగానే అంటుకొని ఉంది కానీ, గోడ వైపు పూర్తిగా వదిలేసింది. వేలితో లాగితే పొడవాటి పట్టీగా ఊడి వస్తోంది. సందు కొన్ని చోట్ల 3 మిల్లీమీటర్లే ఉన్నా, కింది అంచున 10 మిల్లీమీటర్ల దాకా ఉంది, లోతు కూడా ఎక్కువే. స్నానాల గదిలో వాష్ బేసిన్ వెనుక అంచున వేసిన సీలెంట్‌కు నల్లగా బూజు పట్టింది. ఈసారి ట్యూబులోని సీలెంట్‌ను నొక్కి బయటికి తెచ్చే గన్ తెచ్చుకొని ఈ రెండు పనులూ నేనే చేసుకోవాలనుకుంటున్నాను. పాతదాని మీదే మరో పొర వేయవచ్చా? ఏ చోటికి ఏ రకం ట్యూబు తీసుకోవాలి? ట్రిగ్గర్ వదిలేసిన తరువాత కూడా నాజిల్ నుంచి సీలెంట్ కారుతూనే ఉంటుందంటారు, దానిని ఆపడం ఎలా?

జవాబు 1

ముందుగా ఊడిన పట్టీని తిప్పి, గోడకు ఆనుకొని ఉన్న వైపును వెలుతురులో చూడండి. దానికి రంగు పెచ్చులో సిమెంటు పొడో అంటుకొని ఉంటే, సీలెంట్ తన పని తాను చేసినట్టే. అది పట్టుకున్న పైపొర గోడను వదిలేసింది. అలా కాక ఆ వైపు నున్నగా, శుభ్రంగా ఉంటే, గోడ తడిగా ఉన్నప్పుడు వేసి ఉంటారు, లేదా ఆ రకం సీలెంట్ సిమెంటు గోడకు సరిపడనిది అయి ఉంటుంది. ఈ తేడా తెలుసుకోకుండా ఎంత మంచి ట్యూబు తెచ్చినా ఫలితం మారదు.

పాతదాని మీద మాత్రం వేయవద్దు. అది సిలికాన్ రకం సీలెంట్ అయితే, గట్టిపడిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. రెండు అంచుల వెంబడి బ్లేడుతో కోసి, పట్టీని లాగివేసి, మిగిలిన పలుచని పొరను కూడా గీకివేయాలి. గోడ వైపు పెచ్చులుగా లేచే రంగును గట్టి పొర తగిలేదాకా గీకి, పొడి బ్రష్‌తో దులపండి. ఫ్రేమును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. రెండు వైపులా పూర్తిగా ఆరిన తరువాతే గన్ చేతిలోకి తీసుకోవాలి.

ట్యూబు విషయానికి వస్తే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరుతున్నప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది కనుక సిమెంటుకూ, పాలరాతికీ, కొన్ని లోహాలకూ అది తగదు. కిటికీకి అలా ఆమ్లం విడుదల చేయని న్యూట్రల్ సిలికాన్ అడిగి తీసుకోండి. అయితే సాధారణ సిలికాన్ మీద రంగు నిలవదు; సందు మీద కూడా గోడ రంగే కనబడాలంటే, రంగు పట్టే పాలీయురెథేన్ సీలెంట్ తీసుకోవలసి ఉంటుంది. వాష్ బేసిన్ అంచుకు బూజును నిరోధించే శానిటరీ సిలికాన్ వాడండి. యాక్రిలిక్ సీలెంట్‌కు రంగు బాగానే పడుతుంది, చేతికి అంటినా నీటితో పోతుంది, కానీ అందులోని నీరు ఆవిరైన కొద్దీ కుంచించుకుపోతుంది. దానిని గది లోపల, తలుపు చట్రాల దగ్గర ఉండే సన్నని చీలికలకే పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం.

నాజిల్‌ను ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో కోయండి. రంధ్రం సందు వెడల్పుకు మించకూడదు, కాబట్టి మొదట చిన్నదిగా కోసి, 3 మిల్లీమీటర్ల సందులు పూర్తయ్యాక పెద్దది చేసుకోండి. నాజిల్ బిగించే ముందు ట్యూబు మూతి దగ్గర ఉండే పొరను తెంచడం మరవకండి. అది తెగకుండా ట్రిగ్గర్ నొక్కుతూ పోతే ఒత్తిడికి ట్యూబు వెనుక నుంచి సీలెంట్ తన్నుకొస్తుంది. ఇక కారడం సంగతి: ట్రిగ్గర్ వదిలినా ట్యూబు లోపల ఒత్తిడి మిగిలే ఉంటుంది. గన్ వెనుక బొటనవేలికి అందే చిన్న మీట ఉంటుంది. వరుస చివరికి చేరబోతుండగానే దానిని నొక్కితే సీలెంట్‌ను ముందుకు తోసే కడ్డీ మీద పట్టు విడిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆ వెంటనే కడ్డీని కొద్దిగా వెనక్కి లాగితే ఇంకా మంచిది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక ముఖ్యమైన విషయం చేర్చాలనుకుంటున్నాను. 10 మిల్లీమీటర్ల వెడల్పూ అంత లోతూ ఉన్న సందును సీలెంట్‌తోనే నింపేయకండి. అలా నింపితే అది రెండు పక్కలకే కాక అడుగుకు కూడా అంటుకుంటుంది. ఎండకూ చలికీ అల్యూమినియం వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ ఉన్నప్పుడు సీలెంట్ స్వేచ్ఛగా సాగాలి. మూడు వైపులా అతుక్కున్నది అలా సాగలేక ఏదో ఒక అంచున తెగిపోతుంది. దీనికి ఉపాయం బ్యాకర్ రాడ్ అనే మెత్తని నురుగు కడ్డీ. సందు కన్నా కొంచెం లావుగా, 10 మిల్లీమీటర్ల సందుకు 12 లేదా 13 మిల్లీమీటర్లది తీసుకొని, పైన 6 మిల్లీమీటర్ల లోతు మిగిలేలా మొండి పనిముట్టుతో లోపలికి ఒత్తండి. పదునైన దానితో ఒత్తి కడ్డీకి చిల్లు పెడితే సీలెంట్‌లో బుడగలు వస్తాయి. సీలెంట్ ఆ కడ్డీకి గట్టిగా అంటుకోదు, కాబట్టి పట్టు రెండు పక్కలకే పరిమితమవుతుంది. ట్యూబు ఖర్చు కూడా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పట్టీ వెనుక చూశాను. పొడవునా గోడ రంగు పెచ్చులే అంటుకొని ఉన్నాయి. ఇంకొక సందేహం మిగిలింది: వేసిన తరువాత సబ్బు నీటిలో ముంచిన వేలితో నునుపు చేయమని కొందరు చెబుతున్నారు, అది సరైనదేనా?

జవాబు 3

సబ్బు నీరు సిలికాన్ వేలికి అంటకుండా చేస్తుంది, నిజమే. కానీ అదే నీరు ఇంకా సీలెంట్ వేయని చోటికి జారితే, అక్కడ కూడా అంటకుండానే చేస్తుంది. అందుచేత ఒక వరుస మొత్తం వేసిన తరువాతే వేలికి కొద్దిగా తడి చేసుకోండి, స్ప్రేతో చల్లకండి. నేనైతే సందుకు ఇరువైపులా మాస్కింగ్ టేపు అతికించి, ప్లాస్టిక్ గరిటెతో ఒకే ఊపున నొక్కి లాగుతాను. ఈ లాగడంలో అందం కన్నా ఒత్తిడే ముఖ్యం, సీలెంట్ రెండు అంచులకూ గట్టిగా తగిలేది అప్పుడే. పైన పొర కట్టక ముందే, చాలా రకాలకు ఐదు నుంచి ఇరవై నిమిషాల లోపు, టేపును తీసివేయాలి. పొర కట్టిన తరువాత తీస్తే అంచు చిరుగుతుంది.

సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకొని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. 24 గంటలకు రమారమి 2 నుంచి 3 మిల్లీమీటర్లు అనుకుంటే, మీ 6 మిల్లీమీటర్ల లోతుకు రెండు మూడు రోజులు పడుతుంది. వాష్ బేసిన్ అంచుకు కూడా కనీసం ఒక రోజైనా నీరు తగలనివ్వకండి.

కిటికీ ఫ్రేము కింది భాగంలో బయటి వైపు చిన్న రంధ్రాలు ఉంటే వాటిని పొరపాటున కూడా మూయవద్దు. కిటికీ రెక్కలు జరిగే పట్టాల్లో చేరిన వాన నీరు బయటికి పోయే దారి అదే. పని మొదలుపెట్టే ముందు పట్టాలోకి ఒక చెంబు నీళ్లు పోసి, ఏ రంధ్రం గుండా బయటికి వస్తున్నాయో చూడండి. అవి దుమ్ముతో పూడిపోయి ఉంటే ముందు పుల్లతో శుభ్రం చేయండి, ఎందుకంటే మీ గదిలోకి వచ్చే నీటిలో కొంత అక్కడ నిలిచి పొంగినదే కావచ్చు.