"పడమటిని గెలిచిన తుపాకీ" అన్న పేరు వించెస్టర్‌కి తగునా?

రీనో_రావు:
పోయిన నెల పిల్లల్ని తీసుకుని అమెరికా పడమటి వైపున్న మా నెవాడా రాష్ట్రంలోనే ఉన్న గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాం. అక్కడ విన్న కథ ఒకటి బుర్రలోంచి పోవట్లేదు. 2014 నవంబరులో పార్కు పురావస్తు సిబ్బంది కొండల్లో తిరుగుతుంటే, ఒక జునిపర్ చెట్టుకి ఆనించి తుపాకీ కనబడిందట. వించెస్టర్ 1873 మోడల్. కర్ర ఎండకీ మంచుకీ బూడిద రంగుకి తిరిగి పగుళ్ళిచ్చింది, బట్టు (భుజానికి ఆనించుకునే కర్ర) కింది భాగం మట్టిలో కూరుకుపోయింది. నంబరు బట్టి చూస్తే 1882లో తయారైంది. ఎవడో చెట్టుకి ఆనించి పక్కకి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. తర్వాత వైయోమింగ్‌లో కోడీ మ్యూజియం వాళ్ళు పరీక్షిస్తే, గొట్టంలో ఏమీ లేదు కానీ బట్టు లోపలి అరలో ఒక్క తూటా దొరికింది.

దీన్నే "పడమటిని గెలిచిన తుపాకీ" అంటారు. నాకైతే ఆ పేరు తగిందే అనిపిస్తుంది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
తగదు. ఆ పేరు కంపెనీ వాళ్ళే 1919లో అమ్మకాల కోసం పెట్టుకున్నారు. అప్పటికి పడమర అంతా రైళ్ళూ ముళ్ళకంచెలే. అమెరికా సైన్యం మామూలు సిపాయికి ఈ తుపాకీ ఇవ్వనే లేదు. వాళ్ళ చేతిలో ఉన్నది స్ప్రింగ్‌ఫీల్డ్, ఒకసారి పేల్చి మళ్ళీ ఒక్క తూటా పెట్టుకునే రకం. బైసన్ (అక్కడి అడవిదున్న) మందల్ని తుడిచిపెట్టిన వేటగాళ్ళు వాడింది కూడా ఎక్కువగా షార్ప్స్, రెమింగ్టన్. వించెస్టర్ తూటాలో మందు 40 గ్రెయిన్లు (తూకంలో చిన్న కొలత), గుండు 200 గ్రెయిన్లు. పిస్తోలుకి సరిపోయే సరుకది. కోల్ట్ కంపెనీ తర్వాత అదే తూటాతో పిస్తోలు చేసింది కూడా.

సైలెంట్_రీడర్:
బట్టులో తూటా ఎందుకు పెట్టాడు?

పాత_ఇనుము:
మాస్టారూ, మీరు లెక్క చెప్పారు గానీ తుపాకీ గురించి చెప్పలేదు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీని కిందికి లాగితే ఖాళీ తూటా పైనుంచి ఎగిరిపోతుంది, సుత్తి వెనక్కి లేస్తుంది. పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి దూరుతుంది. భుజం మీంచి దించకుండా వరసపెట్టి పేల్చొచ్చు. పైగా దీనికి ముందొచ్చిన 1860 హెన్రీ రైఫిల్ తూటాలు ఒకసారి పేలితే చెత్తే. 1873 దాంట్లో సెంటర్ ఫైర్ తూటా పెట్టారు. అంటే ఖాళీ గుల్లకి వెనక కొత్త టోపీ కొట్టి, మందు పోసి, సీసం గుండు బిగించి మళ్ళీ వాడుకోవచ్చు. దుకాణం 100 మైళ్ళ దూరంలో ఉన్నవాడికి అదెంత విలువో మీకు తెలీదు.

నాకు తెలుసు, ఎందుకంటే మా తాతగారి డబుల్ బ్యారెల్ ఉండేది. లైసెన్సు ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించాలి. ఒకసారి నాలుగు నెలలు అక్కడే ఉంచి, తిరిగిచ్చేసరికి గొట్టాల నిండా తుప్పు. అడిగితే "ఏం, యుద్ధానికెళ్తావా" అన్నారు. తుపాకీ అంటే ఏంటో తెలిసినవాళ్ళు ఆ పని చేయరు.

లెక్కల_మాస్టారు:
మీ తాతగారి తుపాకీకీ దీనికీ ఏంటి సంబంధం? ధర చూడండి. మొదట్లో 50 డాలర్లు. పశువుల కాపరి నెల జీతం 30, 40 ఉండే రోజులు. ఎంతమంది కొనగలరు?

రీనో_రావు:
మాస్టారూ, 1882కి అది 25 డాలర్లకి దిగింది. ఆ ఒక్క ఏడాదే 25 వేలకి పైగా చేశారు. మొత్తం 7 లక్షల 20 వేల పైచిలుకు. కొనకపోతే అన్ని ఎందుకు చేస్తారు?

లెక్కల_మాస్టారు:
చేసినవన్నీ పడమటికే వెళ్ళాయని మీకెవరు చెప్పారు? వించెస్టర్లు టర్కీ వాళ్ళకి కూడా అమ్మారు. 1877లో ఇప్పటి బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర రష్యన్ల మీద పేల్చింది 1866 మోడళ్ళతోనే.

రీనో_రావు:
అది 1866. మనం మాట్లాడేది 1873. మోడళ్ళు కలపకండి.

కొండగాలి:
గెలిచింది అంటున్నారు. ఎవరి మీద?

లెక్కల_మాస్టారు:
50 డాలర్ల సంగతి ఎవరూ జవాబు చెప్పలేదు.

పాత_ఇనుము:
చెప్పారుగా, 25కి దిగిందని! సరే, ఇది వినండి. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం చేతిలో ఆ ఒంటి తూటా స్ప్రింగ్‌ఫీల్డులు. వాళ్ళతో పోరాడిన లకోటా, ఛెయెన్ మూలవాసి తెగల వీరుల్లో కొంతమంది చేతిలో హెన్రీలు, వించెస్టర్లు. 1983లో అక్కడ గడ్డి తగలబడితే, మరుసటేడు తవ్వి తూటా గుల్లలు ఏరారు. గుల్ల అడుగున పిన్ను గుద్దిన గుర్తు వేలిముద్ర లాంటిది. దాన్నిబట్టి ఒక్కో తుపాకీ ఆ మైదానంలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలిందో గీసి చూపించారు. కస్టర్‌తో ఉన్నవాళ్ళు 200 మందికి పైగా, ఒక్కడు మిగల్లేదు.

లెక్కల_మాస్టారు:
అయితే ఆ రోజు వించెస్టర్ పడమటిని గెలవలేదు, గెలవడానికి వచ్చినవాళ్ళని ఓడించింది. నా మాటే నెగ్గింది. థాంక్స్.

రాత్రి_డ్యూటీ:
😂 మాస్టారు సెల్ఫ్ గోల్ అనుకున్నా, కాదు.

రీనో_రావు:
ఒక్క రోజు గెలుపుతో ఏమవుతుంది? చివరికి 1881లో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ లొంగిపోయాడు, తన వించెస్టర్‌ని కొడుకు చేతే సైన్యాధికారికి ఇప్పించాడు. ఖాళీగా పడున్న నేలని పంటపొలాలుగా, ఊళ్ళుగా మార్చింది వలస వచ్చినవాళ్ళు. మేమూ వలస వచ్చినవాళ్ళమే కదా, ఆ కష్టం తెలుసు. ఎడారిలో ఒంటరిగా బతికినవాడికి ఆ తుపాకీయే తోడు.

కొండగాలి:
నా ప్రశ్న దాటేసి మళ్ళీ "ఖాళీగా పడున్న నేల" అంటున్నారు. మీ తుపాకీ దొరికిన తూర్పు నెవాడా ఖాళీగా ఉందా? అక్కడి మూలవాసులు షోషోనీలు, గోషూట్‌లు మరి ఎవరు?

రీనో_రావు:
బ్రదర్, నేను తుపాకీ గురించి అడిగాను. ప్రతిదాన్నీ రాజకీయం చేయకండి. ఇక్కడుండి టాక్స్ కట్టేది మేము.

కొండగాలి:
నేను బ్రదర్‌ని కాదు. టాక్స్ సంగతి నేనెత్తలేదు.

1863లో రూబీ వ్యాలీ ఒప్పందమని ఒకటి జరిగింది. పడమటి షోషోనీలు తమ నేల మీదుగా దారులకీ, రైలుకీ, గనులకీ, ఊళ్ళకీ ఒప్పుకున్నారు. నేల ఇచ్చేస్తున్నామని అందులో ఎక్కడా లేదు. అయినా సుమారు వందేళ్ళకి ఒక ప్రభుత్వ కమిషన్ ఆ నేల మెల్లమెల్లగా వాళ్ళ చెయ్యి జారిందని తేల్చి, ఆ తర్వాత సుమారు 26 మిలియన్ డాలర్ల పరిహారం ప్రకటించింది. అప్పట్లో వాళ్ళు తీసుకోలేదు. మేరీ డాన్, క్యారీ డాన్ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పశువుల్ని మేపుకునేవాళ్ళు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985లో కోర్టు ఏమందో తెలుసా? డబ్బు వాళ్ళ పేరున ప్రభుత్వ ఖాతాలో పడింది కాబట్టి చెల్లించినట్టే అంది. చేతికి అందక్కర్లేదు, ఒప్పుకోనక్కర్లేదు.

ఇది నాకెందుకు గుర్తుందంటే, మా ఊరు రిజర్వాయరు కింద పోయింది. మా తాత చెక్కు ముట్టుకోలేదు. ఆ డబ్బు కోర్టులో డిపాజిట్ చేసి, "మీకు ముట్టినట్టే" అని కాగితం పంపారు. ఆయన ఆ కాగితం కూడా తీసుకోలేదు, తలుపుకి అంటించి పోయారు. మా ఊళ్ళో ఎవరూ తుపాకీ పేల్చలేదు రావు గారూ.

రాత్రి_డ్యూటీ:
...

లెక్కల_మాస్టారు:
26 మిలియన్లా? 19వ శతాబ్దం నాటి రేటు కట్టి ఉంటారు.

కొండగాలి:
అవును మాస్టారూ. 1872 నాటి రేటు. మీకిది 50 డాలర్ల లెక్కలాంటిదే కదా.

లెక్కల_మాస్టారు:
నేనా ఉద్దేశంతో అనలేదమ్మా. మొదటినుంచీ ఆ పేరు తప్పనే అంటున్నాను.

కొండగాలి:
మీరు తప్పన్నది తుపాకీ పేరు చూసి. నేనడుగుతున్నది గెలవడమనే మాట సంగతి.

పాత_ఇనుము:
అమ్మా, నేను తుపాకీల పిచ్చోణ్ణి. చెప్పాల్సింది చెప్పావు. నా స్టేషన్ గోల వెనక్కి తీసుకుంటున్నా. కాదులే, తీసుకోను, తుప్పు తుప్పే. కానీ నీదానితో పోల్చను.

రీనో_రావు:
"ఖాళీ నేల" అన్న మాట ఎడిట్ చేద్దామనుకున్నా, ఉంచేస్తున్నా. లేకపోతే కింది జవాబులు అర్థం కావు. ఆ తుపాకీ వదిలేసినవాడు చెడ్డవాడని మాత్రం నేననను. అతనెవరో కూడా ఎవరికీ తెలియదు.

కొండగాలి:
అతన్ని నేనూ ఏమీ అనలేదు.

మోడరేటర్:
వ్యక్తిగత విషయాలు ఇక చాలు. తుపాకీ గురించైతే రాయండి.

సైలెంట్_రీడర్:
బట్టులో తూటా ఎందుకు పెట్టాడో ఎవరూ చెప్పలేదు.

పాత_ఇనుము:
అది గొట్టం తుడిచే కడ్డీ ముక్కలు పెట్టుకునే అర బాబూ. తూటాకి చోటు కాదది. పెట్టాడు, అంతే.