నడుం డిస్క్ జారినవాళ్ళు సూర్యనమస్కారాలు చేయొచ్చా?

పొద్దుపొడుపు:
రథసప్తమి దగ్గరపడిందంటే చాలు, 108 సూర్యనమస్కారాలకి రమ్మని వాట్సాప్‌లో పిలుపులు మొదలవుతాయి. ఈసారి వచ్చిన ఒక పిలుపులో ఇలా ఉంది: "నడుంనొప్పి, సయాటికా (నడుం నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) ఉన్నవాళ్ళు మరీ ముఖ్యంగా రండి. జారిన డిస్క్ దానంతటదే లోపలికి సర్దుకుంటుంది." దాని కిందే ఎవరో ఒక వీడియో పెట్టారు. అందులో ఒక ఫిజియో "డిస్క్ బల్జ్ (ఉబ్బు) అని తేలితే యోగా జోలికే పోవద్దు" అంటున్నాడు. నొప్పితో ఉన్న మనిషి ఈ రెండూ చూసి ఏం చేయాలి?

నా లెక్క ఒకటి ముందు పెడతాను. సూర్యనమస్కారంలో 12 స్థితులు. మూడోది, పదోది పాదహస్తాసనం. 108 చేస్తే 216 సార్లు నడుం మడిచి నేలకి వంగాలి, అదీ తెల్లవారుజామున. డిస్కులు ఎక్కువగా జారేది ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుం అడుగున ఉన్న చివరి రెండు డిస్కుల్లో. ముందుకి వంగితే ఎక్కువ మడత పడేదీ అక్కడే. అందుకే ఆ పిలుపు చూస్తే భయమేసింది. యోగా నేర్పేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, విడమరిచి చెప్పండి.

ఫిజియో_కాకినాడ:
మీ భయంలో న్యాయముంది. డిస్క్ అంటే బయట గట్టి పొరల చుట్టలు, మధ్యలో గుజ్జు. ముందుకి వంగినప్పుడు వెన్నుపూసల ముందు అంచులు దగ్గరై గుజ్జుని వెనక్కి నెడతాయి. వెనకవైపు పక్కగా నరాల మొదళ్ళు ఉంటాయి. పొరలు చీలి ఉంటే గుజ్జు వెళ్ళి అక్కడే ఒరుసుకుంటుంది. ఒక్కసారి వంగితే కొంప మునగదు. పదేపదే వంగడం, చివరికంటా వంగడం, పొద్దున్నే వంగడం, ఈ మూడూ కలిస్తేనే ముప్పు.

పొద్దున్న సంగతి చాలామందికి తెలియదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచేసరికి మనిషి ఒక సెంటీమీటరుకి పైనే పొడుగవుతాడు. ఆ నీరు సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే బయటికి పోతుంది. ఆ గంటలో డిస్క్ గాలి బిగించిన ట్యూబులా ఉంటుంది, వంగితే దాని మీద పడే ఒత్తిడి సాయంత్రం కంటే చాలా ఎక్కువ. వాకిలి ఊడ్చి, నడుం వంచి ముగ్గు వేస్తున్నప్పుడు పట్టేసిందని అంతమంది చెప్పేది ఇందుకే. బ్రాహ్మీ ముహూర్తంలో పాదహస్తాసనం డిస్క్ జారినవాళ్ళకి రోజంతటిలోకీ చెడ్డ గంటలో చెడ్డ భంగిమ.

హనుమకొండ_యోగా:
సార్, తప్పు ఆసనానిది కాదు, నేర్పే తీరుది. పాదహస్తాసనంలో వంగాల్సింది తుంటి కీలు దగ్గర, నడుం దగ్గర కాదు. గంటలకొద్దీ కుర్చీలో కూర్చునేవాళ్ళకి తొడ వెనక కండరాలు బిగిసిపోయి ఉంటాయి. కటి ఎముక (పెల్విస్) సగం తిరిగి ఆగిపోతుంది. చేతులు నేలకి తగలాలన్న పట్టుదల మాత్రం ఆగదు. మిగిలిన దూరమంతా నడుమే గుండ్రంగా మడుచుకుని పూర్తిచేస్తుంది. పైనుంచి మాస్టారు "ఇంకా, ఇంకా" అని అరుస్తుంటారు.

దీన్ని కళ్ళతో చూడాలంటే ఒక మాప్ కర్ర చాలు. కర్రని వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, రెండు భుజాల రెక్కల మధ్య, తోక ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా ఆనాలి. మోకాళ్ళు కొంచెం వదులు చేసి, పిరుదుల్ని వెనక గోడవైపు నెడుతూ మెల్లగా వంగండి. మూడింట్లో ఏ ఒక్కచోట కర్ర ఊడినా మీ తుంటి వంపు అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత వంగేదంతా వెన్నే. చాలామందికి సగం కూడా వంగకముందే కింద కర్ర ఊడుతుంది.

ఆ హద్దు తెలుసుకుని కుర్చీతో చేయిస్తే సూర్యనమస్కారం మానాల్సిన పనే లేదు. చక్రాలు లేని కుర్చీ, వీపు గోడకి ఆనించి పెట్టాలి, జారకూడదు. చేతులు పైకెత్తినప్పుడు వెనక్కి విల్లులా వంగకుండా ఛాతీ మాత్రం లేపాలి. పాదహస్తాసనంలో నేలకి పోకుండా అరచేతులు కుర్చీ సీటు మీద, మోకాళ్ళు వదులు, వీపు బల్లలా చదును. ఒక కాలు వెనక్కి, తర్వాత రెండో కాలు, ఏటవాలు దండాసనం. అష్టాంగ నమస్కారం వదిలేయాలి. బోర్లా పడుకుని ఛాతీ లేపే భుజంగానికి బదులు చేతులు నిటారుగా ఉంచి ఛాతీ ముందుకి, పొట్ట వేలాడకుండా. మళ్ళీ అదే దారిన వెనక్కి. ఒక ఆవృత్తికి నిమిషం పట్టాలి. పుణేలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీలు, బెల్టులు, తాళ్ళు, దిమ్మెలు వాడింది మనిషికి తగ్గట్టు ఆసనాన్ని మార్చడానికే కదా.

ఫిజియో_కాకినాడ:
కుర్చీ పద్ధతి బాగుంది, ఒప్పుకుంటా. కానీ దాన్ని సూర్యనమస్కారం అని పిలిస్తే మనిషి పది రోజుల్లో కుర్చీ పక్కన పెట్టేస్తాడు. పేరుతో పాటు పాత అలవాటు కూడా వెనక్కి వస్తుంది. కాలిలోకి నొప్పి పాకుతున్నన్నాళ్ళు ఆ పేరే ఎత్తొద్దని నా మాట.

ఎముకల_డాక్టరు:
మీరిద్దరూ ముందుకి వంగడం గురించే కొట్లాడుతున్నారు. దాని కంటే ముందు తేలాల్సింది ఒకటుంది: ఆ మనిషికి ఉన్నది ఏంటి? మన దగ్గర "డిస్క్ జారింది" అన్న ఒక్క మాటలో మూడు జబ్బులు కలిపేస్తారు.

డిస్క్ బల్జ్‌తో నరం ఒత్తుకున్నవాళ్ళకి సాధారణంగా కూర్చుంటే, వంగితే, దగ్గితే, తుమ్మితే నొప్పి పెరుగుతుంది. నడిస్తే కాస్త నయం. వెన్ను కాలువ ఇరుకైనవాళ్ళకి, అంటే స్టెనోసిస్, సరిగ్గా తలకిందులు. ఎక్కువగా అరవై దాటినవాళ్ళు. నాలుగడుగులు వేస్తే పిక్కలు బరువెక్కుతాయి, కూర్చుంటే, ముందుకి వాలితే హాయి. వాళ్ళచేత భుజంగాసనం చేయిస్తే కాళ్ళు ఇంకా మొద్దుబారతాయి. మూడోది లిస్థసిస్. అందులో జారింది డిస్క్ కాదు, వెన్నుపూసే ముందుకి జారింది. వాళ్ళకి హస్త ఉత్తానాసనం, చక్రాసనం లాంటి వెనక వంపులు చెరుపు చేస్తాయి. ఒకే హాల్లో ముప్పైమందికి ఒకే ఆసనం చెప్తే ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు దెబ్బతింటారు.

ఎమ్మారై కాగితం చూసి బెంబేలు పడడం కూడా వద్దు. ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా బల్జులు కనిపిస్తాయి. కాగితం, లక్షణాలు రెండూ కలవాలి. సయాటికా వచ్చిన చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, బయటికి పొడుచుకొచ్చిన గుజ్జుని శరీరమే కరిగించుకుంటుంది. పిలుపులో రాసిన "దానంతటదే" అన్న ముక్క అంతవరకు నిజం. సూర్యనమస్కారాల వల్ల అన్నదే అబద్ధం.

కొన్ని లక్షణాలుంటే ఆసనమూ లేదు, చర్చా లేదు: మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య మర్మస్థానం దగ్గర మొద్దుబారడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం. ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

గోదారి_గట్టు:
ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. "వంగొద్దు" అని భయపెట్టడం కూడా హానే కదా? నొప్పి తగ్గి రెండేళ్ళయినా మనవణ్ణి ఎత్తుకోనివాళ్ళున్నారు, కింద పడ్డ పెన్ను తీసుకోవడానికీ పక్కవాళ్ళని పిలిచేవాళ్ళున్నారు. వాడని కండరం సన్నబడుతుంది, సన్నబడిన నడుం మళ్ళీ పట్టేస్తుంది. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ (అక్కడి వైద్యుల సంఘం) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నడుంనొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించాల్సినవాటిలో యోగా ఉంది. అదే ఏడాది బోస్టన్‌లో 320 మందితో చేసిన పరీక్షలో 12 వారాల యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేలింది. మరి ఆ వీడియోలో "జోలికే పోవద్దు" అనడం ఏం వైద్యం?

ఫిజియో_కాకినాడ:
గోదారి_గట్టు గారూ, ఆ రెండూ నిజమే, కానీ ఎవరి గురించో చూడండి. బోస్టన్ పరీక్ష ఫలానా కారణమని తేలని, నెలల తరబడి ఉన్న నడుంనొప్పి మీద. ఆ మార్గదర్శకాల్లో కూడా యోగా పేరు దీర్ఘకాలిక నొప్పి కింద ఉంది, కొత్తగా పట్టిన నొప్పికి చెప్పినవాటిలో లేదు. నిన్న మొన్న నరం ఒత్తుకుని పిక్కదాకా మంట పాకుతున్న మనిషికి ఆ ఫలితాన్ని అంటగట్టలేం. పైగా వాళ్ళు చేయించింది నొప్పి ఉన్నవాళ్ళ కోసమే తయారుచేసిన తరగతులు, 108 సూర్యనమస్కారాలు కాదు.

భయం గురించి మీరన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. "ఇప్పుడు వంగొద్దు" అన్నవాళ్ళే "ఫలానా రోజు నుంచి వంగు" అని కూడా చెప్పాలి. చెప్పకుండా పంపేయడం మా వృత్తిలో ఉన్న తప్పే.

హనుమకొండ_యోగా:
డాక్టరు గారు చెప్పిన మూడు రకాల సంగతి నేర్పేవాళ్ళందరూ రాసి పెట్టుకోవాలి. బల్జ్ రకం అని తేలిన తర్వాత మొదటి వారాల్లో చేయదగ్గవి యోగాలోనే ఉన్నాయి. బోర్లా పడుకుని మకరాసనం రెండు మూడు నిమిషాలు. అది ఇబ్బంది లేకపోతే మోచేతులు భుజాల కిందికి తెచ్చి ఛాతీ లేపి రెండు నిమిషాలు. తర్వాత అరచేతులతో నెట్టి పది సార్లు భుజంగం, పిరుదులు బిగించకుండా, నడుం వదులుగా వేలాడేలా. న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకెంజీ చెప్పిన వరస కూడా దాదాపు ఇదే.

ఇక్కడ గమనించాల్సింది నొప్పి ఎంత ఉందని కాదు, ఎటు పోతోందని. పిక్కలో ఉన్నది తొడకి, తొడలోది పిరుదుకి, చివరికి నడుంలోకి వెనక్కి వస్తుంటే మంచి గుర్తు, నడుం దగ్గర కాస్త పెరిగినా సరే. పిరుదులో ఉన్నది మడమకి దిగితే అక్కడికక్కడే ఆపాలి.

ఇంకో పొరపాటు: తొడ వెనక లాగుతోందంటే కండరం బిగిసిందనుకుని, కాళ్ళు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో ఇంకా లాగడం. కండరం లాగితే తొడ వెనకే నెమ్మదిగా పట్టినట్టుంటుంది. నరమైతే కరెంటు షాకులా, తిమ్మిరిలా పాదందాకా కొడుతుంది, కాలివేళ్ళు మీదికి లాగితే ఎక్కువవుతుంది. నరాన్ని కండరంలా సాగదీయబోతే అది ఇంకా వాచిపోతుంది.

ఊపిరి:
ఇంతసేపూ నడుం గురించే మాట్లాడారు, ఆ నడుం మోసే మనిషి గురించి ఎవరూ అనలేదు. చాలామందికి ఈ నొప్పి ఒక్కటే రాదు. ఉద్యోగం పోవడమో, ఇంట్లో చావో, విడాకులో, ఊరు మారడమో దానికి ముందో వెనకో ఉంటుంది. నిద్ర చెడితే అదే నొప్పి రెట్టింపు అనిపిస్తుంది, నొప్పి వల్ల మళ్ళీ నిద్ర చెడుతుంది. ఆసనాలకి వారాలు ఆగాల్సి రావచ్చు, ఊపిరికి మాత్రం మొదటి రోజు నుంచే అడ్డం లేదు.

వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ సీటు మీద పెట్టండి, తుంటి, మోకాలు రెండూ లంబకోణంలో. ముక్కుతో 4 లెక్కపెట్టేవరకు తీసుకుని, 6 లెక్కపెట్టేవరకు వదలండి. అంటే నిమిషానికి 6 ఊపిరులు. పది నిమిషాలు, పడుకునే ముందు. ఊపిరి బిగపట్టొద్దు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం నెమ్మదిస్తుంది, నడుం పక్క కండరాల బిగువూ సడలుతుంది.

కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టే ప్రాణాయామాలు మాత్రం వద్దు. పొట్టని కొట్టిన ప్రతిసారీ కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. దగ్గితే కాలిలోకి కొట్టే మనిషికి నిమిషానికి అరవై దగ్గులు నేర్పినట్టే. గుండెదడ, ఆందోళన ఉన్నవాళ్ళకి ఆ వేగం దడని ఇంకా లేపుతుంది కూడా.

శవాసనంలో కాళ్ళు చాపి పడుకుంటే నడుం లేస్తుంది, మోకాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టాలి. పెద్ద దెబ్బ తగిలిన మనసుకి కళ్ళు మూసుకుని చీకట్లో పడుకోవడం హాయి కాకపోవచ్చు, జరిగిందంతా మళ్ళీ కళ్ళముందుకి రావచ్చు. అలాంటివాళ్ళని కళ్ళు తెరిచి ఫ్యాన్ రెక్కనో గోడ మూలనో చూడనివ్వండి. "కళ్ళు మూసుకోండి" అని బలవంతపెట్టే మాస్టారు దగ్గర వాళ్ళని వదలొద్దు.

గోదారి_గట్టు:
సరే, మరి తిరిగి వంగడం ఎప్పుడు? ఫిజియో గారు తేదీ చెప్పాలన్నారు.

ఫిజియో_కాకినాడ:
తేదీ కంటే గుర్తులు చెప్తాను. అరగంట కూర్చున్నా కాలిలోకి నొప్పి రాకూడదు. దగ్గితే, తుమ్మితే కాలిలోకి కొట్టకూడదు. అరగంట ఆగకుండా నడవగలగాలి. వెల్లకిలా పడుకుని మోకాలు మడవకుండా కాలు లేపితే రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఇవన్నీ రెండు వారాలు నిలిస్తే కర్ర సాయంతో తుంటి వంపు మొదలు. అది కుదిరాక కుర్చీ ఆవృత్తులు రెండు, పన్నెండు కాదు. మర్నాడు పొద్దున లేచినప్పుడు బిగువు మామూలుగానే ఉంటే వారానికి రెండు చొప్పున పెంచొచ్చు. ఎక్కువైతే చేసినదాంట్లో సగానికి దిగాలి, పూర్తిగా మానొద్దు. నిద్ర లేచిన గంట తర్వాతే, ముందు పది నిమిషాలు నడిచాకే. 20 లీటర్ల నీళ్ళ టిన్ను ఎత్తిన రోజు వంగే ఆసనాలు వదిలేయండి, ఆ రోజు కోటా అయిపోయినట్టే.

హనుమకొండ_యోగా:
దీంతో నాకు పేచీ లేదు. పేరు విషయంలో మాత్రం ఒప్పుకోను. కుర్చీ మీద చేసినా అది సూర్యనమస్కారమే.

పొద్దుపొడుపు:
అందరికీ నమస్కారం, ఇంత వివరంగా దొరుకుతుందనుకోలేదు. చివరిగా ఒకటి. ఇప్పుడు కాలి నొప్పితో ఉన్నవాళ్ళకి రథసప్తమి రోజు ఏదైనా చేయాలని ఉంటుంది. వాళ్ళకి ఏం చెప్పాలి?

హనుమకొండ_యోగా:
తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తారు కదా. అప్పుడు ఆకుల కోసం వంగకుండా ఎవరినైనా అందించమనండి, చెంబూ బకెట్టూ నేలమీద కాకుండా స్టూలు మీద పెట్టుకోమనండి. ఎండ ఎక్కాక, ఎనిమిదింటి తర్వాత, తూర్పుకి తిరిగి నిలబడాలి. ఓం మిత్రాయ నమః నుంచి భాస్కరాయ నమః దాకా పన్నెండు నామాలు. ఒక్కో నామానికి చేతులు జోడించి ఊపిరి వదలడం, చేతులు పైకెత్తి ఊపిరి తీసుకోవడం, అంతే. వెనక్కి వంగక్కర్లేదు, ముందుకి వంగక్కర్లేదు.

ఫిజియో_కాకినాడ:
ఇదైతే ఆ 108 నమస్కారాలు చేసేవాళ్ళతో పాటే, అదే వరసలో నిలబడి చేయొచ్చు. కాళ్ళు తుంటి వెడల్పు ఎడంగా పెట్టమనండి. నిలబడలేకపోతే కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకి ఆనించి చేసినా సరే.