వోరు ఊళ్లో కవి ఇల్లు: ‘కలెవిపొయెగ్’ జనం పాటా, డాక్టరు గారి రాతా?

చలికోటు:
ఎస్తోనియాలోని టార్టు నగరంలో చదువుకుంటున్నాను. పోయిన శనివారం బస్సెక్కి వోరు వెళ్లొచ్చా. ఇక్కణ్ణుంచి డెబ్బై కిలోమీటర్లు, ఎస్తోనియాకి ఆగ్నేయ మూలన తాముల చెరువు ఒడ్డున చిన్న ఊరు. ఫ్రీడ్రిహ్ రైన్‌హోల్డ్ క్రోయిట్స్‌వాల్డ్ అనే డాక్టరు 1833 నుంచి 1877 దాకా అక్కడే వైద్యం చేశాడు. ఎస్తోనియన్లు తమ ఇతిహాసంగా చెప్పుకునే ‘కలెవిపొయెగ్’ ఆయన చేతి మీదుగానే వచ్చింది. ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఇల్లు నచ్చింది. నా పేచీ వేరే. ఇరవై సర్గలు, దాదాపు 19 వేల పంక్తులు ఉన్న ఆ కావ్యంలో నిజంగా జనం నోట పాడినవి ఎనిమిదో వంతేనని పరిశోధకుల లెక్క. మిగతాదంతా ఆ వరసలో డాక్టరు గారు అల్లినదే. మరి దాన్ని ‘జానపద ఇతిహాసం’ అనడం ఎంతవరకు సబబు? బస్సులో తిరిగొస్తుంటే నన్నెవరో మోసం చేసినట్టే అనిపించింది.

పాతకాగితం:
మోసం అనేది పెద్ద మాటండీ. మొదలుపెట్టింది ఆయన కాదు, స్నేహితుడు ఫేల్మన్. అతనూ డాక్టరే. 1850లో అతను పోయాక ఆ పని క్రోయిట్స్‌వాల్డ్ మీద పడింది. చేతికి వచ్చింది పూర్తి పాట కాదు. కలెవిపొయెగ్ అనే రాక్షసబలుడు ఇక్కడ బండ విసిరాడు, అక్కడ నాగలి దున్నితే ఈ గుట్ట లేచింది అని ఊరూరా చెప్పుకునే వచన కథలు ఎక్కువ. వాటిని ఆయన ‘రెగిలౌల్’ అనే పాత ఎస్తోనియన్ జానపద పాటల వరసలోకి తెచ్చాడు. అందులో అంత్యప్రాస ఉండదు. ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు పంక్తిలో వరసగా పడతాయి, మన చెవికి యతిలాగా తగులుతుంది.

ఇంకోటి. 1853లో సిద్ధం చేసిన ప్రతిని, అప్పుడు ఎస్తోనియాను ఏలుతున్న రష్యా జారు ప్రభుత్వ సెన్సారు అడ్డుకుంది. తర్వాత టార్టులోని ఎస్తోనియన్ విద్వత్సభ 1857 నుంచి 1861 దాకా జర్మన్ అనువాదంతో కలిపి, పండితుల పుస్తకంలాగా విడతలుగా అచ్చేసింది. మామూలు జనం చదువుకునే ప్రతి 1862లో వచ్చింది, అదీ ఫిన్లాండ్‌లోని కువోపియోలో. సొంత పేరు కోసం ఇంత తంటాలు పడతారా ఎవరైనా?

గోదారిగట్టు:
మనకి ఇది కొత్తా? పల్నాటి కథను వీరవిద్యావంతులు పాడుతుంటే శ్రీనాథుడు ద్విపదలో పెట్టాడంటారు. ఆయన్ని ఎవరూ దొంగ అనలేదే.

నల్లరొట్టె:
అన్నా, పోలిక కుదర్లేదు. అక్కడ పాట ముందే ఉంది. ఇక్కడ పూర్తి పాటే లేదని పాతకాగితం గారే పైన చెప్పారు. పోల్చాలంటే ఫిన్లాండ్‌తో పోల్చండి. అక్కడి ఇతిహాసం ‘కలెవల’ కూర్చిన లోన్‌రోట్ కూడా డాక్టరే, అది 1835లో వచ్చింది. ఆయన పాడేవాళ్ల నోటి నుంచి పంక్తులు ఏరి కుట్టాడు. దారం ఆయనది, గుడ్డ వాళ్లది. మన వోరు డాక్టరు గుడ్డ కూడా తనే నేశాడు.

నేను ఇక్కడి రాజధాని టాలిన్‌లో ఆరేళ్లుగా ఉన్నా. పుస్తకం గొప్పది కాదనడం లేదు. ‘జానపదం’ అనే చీటీ తీసేసి ‘క్రోయిట్స్‌వాల్డ్ కావ్యం’ అని పెట్టమంటున్నా. పైగా ఆయన ఇంట్లో మాట్లాడుకునేది జర్మన్. కవయిత్రి కోయిడులాకి రాసిన ఉత్తరాలు కూడా జర్మన్‌లోనే. ఆ ఇంట్లో ‘ప్రజల గొంతు’ ఎక్కడుందో చూపించండి.

పాతకాగితం:
అదే ఇంట్లో ఉంది! ఆయన ఒక వెట్టి రైతు కుటుంబంలో, 1803లో పుట్టాడు. ఆ రోజుల్లో అక్కడ పెద్దవాళ్ల భాష జర్మనే, చదువుకుని పైకొస్తే జర్మన్ అయిపోవడమే దారి. ఇంట్లో జర్మన్, వీధిలో రోగులతో ఎస్తోనియన్. ఉద్యోగానికి ఇంగ్లీషు, అమ్మతో తెలుగు మాట్లాడే మనకే ఇది అర్థం కాకపోతే ఎలా?

చలికోటు:
నల్లరొట్టె గారి గుడ్డా దారం మాట బాగుంది, కానీ నా కోపం కొంచెం తగ్గింది. నిన్న రాత్రి 1857 నాటి ముద్రణ స్కాన్ తెరిచి చూశా. ఇప్పుడు ‘వీ’తో రాసే కలెవి అనే పేరులో అప్పటి జర్మన్ అలవాటు ప్రకారం ‘డబుల్యూ’ ఉంది. ఎస్తోనియన్ పాట పక్కనే జర్మన్ అనువాదం. నాకు ఎస్తోనియన్ అంతంతమాత్రం. అయినా ఒక పంక్తి పైకి చదివితే మొదటి అక్షరాలు టకటకా తగిలాయి. రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ తీసి ఏంటన్నట్టు చూశాడు.

ఒక్క విషయంలో మాత్రం నల్లరొట్టె గారి వైపే. ఏ పంక్తి పాట, ఏ పంక్తి డాక్టరు గారిది అని రంగు తేడాతో చూపించే పేజీ ఒక్కటి ఆ మ్యూజియం గోడ మీద కనిపించి ఉంటే నేను ఈ చర్చే పెట్టేవాణ్ణి కాదు.

గోదారిగట్టు:
పల్నాడు వెనక్కి తీసుకుంటున్నా. రంగుల పేజీకి మాత్రం నా ఓటు.

చిట్టిబూట్లు:
పెద్దల చర్చలో దూరుతున్నా. మా పాప ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో ఈ కథలో ఒక ముక్క నేర్చుకుంది. కలెవిపొయెగ్ శత్రువుల్ని చెక్క పలకలతో బాదుతుంటే పలకలు విరిగిపోతుంటాయి. పొదలోంచి ‘సీల్’, అంటే మన ముళ్లపందిలాంటి చిన్న జంతువు, “సెర్విటి, సెర్విటి!” అని అరుస్తుంది. బల్లపరుపుగా కాదు, అంచుతో కొట్టమని. పని జరిగాక బయటికి రమ్మంటే, ఒంటి మీద ఏమీ లేదని అది సిగ్గుపడుతుంది. అతను తన కోటులోంచి ఒక ముక్క కోసిస్తాడు. దాని ముళ్లు అవేనట.

అప్పట్నుంచి ఇంట్లో చపాతీ కర్రతో సోఫాని అంచుతోనే కొడుతోంది. ఇది ఆ ఎనిమిదో వంతులోదా, మిగతా ఏడు వంతుల్లోదా చెప్పండి బాబూ, వచ్చే నెల వోరు తీసుకెళ్తే అక్కడ అదే అడిగేలా ఉంది.