డబ్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వారాంతపు ప్రయాణం: దూరం, సమయం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ చదవడానికి ఈ మధ్యనే డబ్లిన్ వచ్చాను. మా పెద్దమ్మగారి అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాడు. ఒక శుక్రవారం తరగతులు ముగిశాక బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి రావాలని ఉంది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంతో, ఎంతసేపు పడుతుందో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
నమస్కారం. రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన సుమారు 1,090 కిలోమీటర్లు ఉంటుంది. నేరుగా వెళ్లే విమానానికి రెండు గంటలు, మహా అయితే మరో పది నిమిషాలు పడుతుంది. పైన గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి కనుక, వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు కాస్త ఆలస్యం కావడం మామూలే. జర్మనీ గడియారం ఏడాది పొడవునా ఐర్లండ్ కన్నా ఒక గంట ముందుంటుంది. అందుచేత ఇక్కడ సాయంత్రం 6 గంటలకు ఎక్కితే అక్కడ దిగేసరికి రాత్రి 9 అవుతుంది, తిరుగు ప్రయాణంలో ఆ గంట మళ్లీ కలిసి వస్తుంది.

టికెట్టు కన్నా ముందు మీరు చూసుకోవలసింది వీసా. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నప్పటికీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు కాబట్టి, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఇక్కడి నివాస అనుమతి అయిన ఐఆర్‌పీ కార్డు ఒక్కటే చూపించి జర్మనీలోకి వెళ్లలేరు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజులకన్నా తక్కువ వ్యవధి మాత్రం ఉండకూడదు; కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా కూడా చూపించాలి. వచ్చే వారమే వెళ్దామనుకుంటే కుదిరే పని కాదు. వీసా చేతికి వచ్చాకే టికెట్టు కొనమని నా సలహా, ఎందుకంటే చవక టికెట్లు రద్దు చేసుకుంటే సాధారణంగా డబ్బు తిరిగి రాదు.

ఇక ఇంటి నుంచి ఇంటికి లెక్క వేయండి. డబ్లిన్ విమానాశ్రయానికి రైలు లేదు. బస్సులోనో టాక్సీలోనో వెళ్లాలి, శుక్రవారం సాయంత్రం రోడ్లు ఎలా ఉంటాయో మీరే చూస్తారు. విమానానికి రెండు గంటల ముందైనా అక్కడ ఉండండి. కొన్ని చవక విమానసంస్థలు యూరోపియన్ యూనియన్ పౌరులు కానివారి వీసాను కౌంటరులో తనిఖీ చేసి బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేస్తాయి. ఫోనులో చెకిన్ అయిపోయిందని నేరుగా సెక్యూరిటీకి వెళ్లిపోకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస ఉంటుంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం మొదటిసారి వచ్చినవారి ముఖచిత్రం తీసుకుంటారు. అది దాటితే ఎస్8 గానీ ఎస్9 గానీ లోకల్ రైలు ఎక్కండి, పావుగంటలో నగరంలోని ప్రధాన రైల్వేస్టేషన్ చేరుకుంటారు. మొత్తం మీద ఆరు గంటలు పక్కన పెట్టుకోవాలి.

రెండవ సమాధానం:
పై వివరాలకు మరో రెండు విషయాలు జోడిస్తాను. టికెట్టు కొనేటప్పుడు విమానాశ్రయం పేరు పూర్తిగా చదవండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అనేది నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే విమానాశ్రయం. అర్ధరాత్రి అక్కడ దిగితే టికెట్టులో మిగిలినదంతా దారి ఖర్చులకే పోతుంది.

దూరం సంగతి మరొక చోట కూడా పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణంలో విమానం గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే 250 యూరోల పరిహారం అడగవచ్చు. ప్రతికూల వాతావరణం వంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. బోర్డింగ్ పాస్ దాచుకుని, ఆలస్యానికి కారణమేమిటో గేటు దగ్గరే అడిగి రాసుకోండి.